కాలేజీ కబడ్డీ జట్టు పోటీలకు ఎలా సిద్ధం కావాలి: ఎనిమిది వారాల సాధన

డిగ్రీ రెండో ఏడులో నన్ను కాలేజీ కబడ్డీ జట్టులోకి తీసుకున్నారు. ఆ సంతోషంలో రెండు నెలలపాటు రోజూ తెల్లవారుజామున నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి పానగల్లు చెరువు కట్ట దాకా పరుగెత్తి, అదే ఊపులో వెనక్కి వచ్చేవాణ్ణి. దమ్ము బాగా పెరిగిందనుకున్నాను. మొదటి మ్యాచ్‌లో నాలుగో కూతకు వెళ్లేసరికి తొడలు కట్టెల్లా బిగుసుకుపోయాయి. మధ్యగీత రెండడుగుల దూరంలో కనిపిస్తూనే ఉంది. కార్నర్‌లో, అంటే వరుస చివర మూలన ఉన్న కుర్రాడు, నాకంటే పది కిలోలు తక్కువే ఉంటాడు, నా కాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఆ రోజు మా జట్టు రెండుసార్లు ఆలౌట్ అయింది.

పానగల్లు చెరువుది తప్పేమీ లేదు. నేనే వేరే ఆటకు సాధన చేసి కబడ్డీ ఆడబోయాను. ఇప్పటికీ ఉమ్మడి నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో చాలా జట్లు ఇదే పని చేస్తున్నాయి. మైదానం చుట్టూ ఇరవై రౌండ్లు, ఆ తర్వాత నేరుగా మ్యాచ్. మధ్యలో ఏమీ ఉండదు.

ముందు లెక్క చూడండి. పురుషుల మ్యాచ్‌లో ఒక్కో సగం 20 నిమిషాలు, మహిళలకు 15. ఒక్కో కూతకు గరిష్ఠంగా 30 సెకన్లు. జట్లు వంతులవారీగా వెళ్తాయి కాబట్టి 20 నిమిషాల్లో ఒక్కో జట్టుకు సుమారు ఇరవై కూతలు వస్తాయి. మీకు కూతకు వెళ్లే రైడర్లు ముగ్గురు ఉంటే తలా ఆరేడు. అంటే అరనిమిషం లోపు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాలి, ఆపైన కాసేపు వంగి కాచుకుని నిలబడాలి, మళ్లీ అంత బలమూ పెట్టాలి. ఎనిమిది వారాల్లో మీరు చేసే ప్రతి పనినీ ఈ అరనిమిషంతో పోల్చి చూసుకోండి. దానికి పనికిరానిదైతే మానేయండి.

తేదీ, కొలతలు

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం తమ పరిధిలోని కాలేజీల మధ్య పోటీలు పెడతాయి. తేదీలు ఏటా మారుతుంటాయి. కాలేజీలో ఆటలు చూసే మీ పీడీ సారును లేదా మేడమ్‌ను అడిగి సుమారు తేదీ తెలుసుకుని, అక్కడి నుంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజే మొదటి రోజు. నోటీసు వచ్చాక మొదలుపెడదామనుకుంటే మీ చేతిలో పది రోజులుంటాయి. పది రోజుల్లో దెబ్బలు తగిలించుకోవడం తప్ప ఇంకేమీ సాధ్యం కాదు.

మొదటి రోజు బంతిలా ఎగరకండి, కొలుచుకోండి. ఒక నోటు పుస్తకం తీసుకుని ఒక్కొక్కరికీ ఒక పేజీ కేటాయించండి. 30 మీటర్ల పరుగుకు ఎంత సమయం పట్టింది, నిలబడ్డ చోటి నుంచి ఎంత దూరం దూకగలిగారు, కడ్డీ పట్టుకుని ఎన్ని సెకన్లు వేలాడగలిగారు, ఉదయం పరగడుపున బరువు ఎంత. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. 30 మీటర్లు పూర్తి వేగంతో ఆరుసార్లు పరుగెత్తండి, మధ్యలో 30 సెకన్ల విరామం తీసుకోండి. మొదటి పరుగుకూ ఆరో పరుగుకూ మధ్య ఎంత తేడా వచ్చిందో రాయండి. నా పానగల్లు పరుగుల కాలంలో ఈ పరీక్ష పెట్టి ఉంటే నా బండారం అక్కడే బయటపడేది. మొదటి పరుగులో అందరికంటే ముందుండే వాడు ఆరో పరుగులో చివరికి పోవడం మీరూ చూస్తారు. నాలుగో వారం చివర, ఏడో వారం చివర ఇవే కొలతలు మళ్లీ తీసుకోండి.

అదే రోజు పాత దెబ్బలు కూడా రాయించండి. మోకాలు ఎప్పుడైనా మెలిపడిందా, భుజం జారిందా, పరుగెత్తుతుంటే ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా, ఛాతీలో నొప్పి వచ్చిందా. చివరి రెండింటిలో దేనికైనా అవునంటే డాక్టరు చూసి సరే అనేదాకా ఆ ఆటగాణ్ణి మైదానంలోకి దించకండి. అమ్మాయిల జట్టయితే ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తం తక్కువగా ఉన్న పిల్లను దమ్ము లేదని తిట్టడం అన్యాయం.

కోర్టు

పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12, 8. మధ్యగీత నుంచి బాక్ లైన్ (కూతకు వెళ్లినవాడు దాటాల్సిన గీత) పురుషులకు 3.75 మీటర్లు, మహిళలకు 3 మీటర్లు. దానికి మీటరు అవతల బోనస్ లైన్. రెండు పక్కలా మీటరు వెడల్పున లాబీలు. ఇవి కాకిలెక్కన గీస్తే మీ కాళ్లకు తప్పుడు కొలత అలవాటవుతుంది. టేపు పట్టి గీయండి. గీతలకు ముగ్గుపిండి వాడండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం. పట్టులో ముఖం నేలకు ఆనడం ఈ ఆటలో మామూలే.

మన వైపు ఎక్కువగా ఎర్రనేల, అందులో గులకరాళ్లు. ముందు పలుగుతో నాలుగైదు అంగుళాలు తవ్వి, రాళ్లు ఏరి, వీలైతే జల్లెడ పట్టిన మట్టి పోసి తడపండి. జట్టంతా కలిసి చేస్తే రెండు ఉదయాల పని. ఆ తర్వాత రోజూ సాయంత్రం నీళ్లు చల్లితే తెల్లారేసరికి నేల పదునుగా ఉంటుంది. నల్లరేగడి ఉన్న చోట వాన పడితే రెండు రోజులు ఆటకు పనికిరాదు. ఆ రోజుల్లో వరండాలోనో గదిలోనో బలం పెంచే కసరత్తు పెట్టుకోండి.

పోటీ మ్యాట్ మీద జరిగేట్టయితే చివరి రెండు వారాల్లో ఒకటి రెండుసార్లయినా మ్యాట్ ఉన్న చోటికి వెళ్లి ఆడి రండి. మట్టిలో పాదం కాస్త జారి ఆగుతుంది. మ్యాట్ మీద బూటు ఉన్నపళాన అతుక్కుపోతుంది, శరీరం మాత్రం ముందుకు వెళ్తుంది. మోకాలు తిరిగిపోయేది ఆ క్షణంలోనే.

మొదటి రెండు వారాలు

వారానికి ఐదు రోజులు, రోజుకు గంట చాలు. వేడి ఎక్కువగా ఉండే నెలల్లో ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించండి. మొదటి వారమంతా ఎండకు, శ్రమకు ఒళ్లు అలవాటు పడడానికే. తల దిమ్ముగా ఉందన్నా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాసేపు కూర్చుంటే తగ్గుతుందిలే అనకండి.

ఒళ్లు వేడెక్కించడానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి. మెల్లగా పరుగు, పక్కకు అడుగులు, వెనక్కి అడుగులు, మోకాళ్లు ఎత్తుతూ నడక, చీలమండలు, భుజాలు, మెడ తిప్పడం. నిలబడి కాళ్లు సాగదీసి పట్టుకునే సాగుళ్లు ఆట అయ్యాక చేయండి, ముందు కాదు. తర్వాత దండీలు, బస్కీలు, ప్లాంక్. అన్నీ నెమ్మదిగా, పద్ధతి తప్పకుండా. మన తాతల కాలం నుంచీ తాలింఖానాల్లో ఉన్నవే ఇవి, వీటికి జిమ్ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాల మామూలు పరుగు ఉండనివ్వండి. అంతకు మించి అవసరం లేదు. పానగల్లు దాకా పోనక్కర్లేదు.

ఈ పదిహేను రోజుల్లో పడడం నేర్పండి. నవ్వకండి. దెబ్బల్లో చాలా భాగం పడడం రాక తగిలేవే. చేతులు చాచి నేల మీద ఆనితే మణికట్టు, మోచేయి పోతాయి. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లాలి. మెత్తటి మట్టిలో ముందు కూర్చుని, తర్వాత వంగి, ఆ తర్వాత నడుస్తూ సాధన చేయించండి.

మూడు నుంచి ఐదో వారం: బలం, అరనిమిషం

ఇక్కడి నుంచి వారంలో రెండు రోజులు బలానికి, రెండు రోజులు అరనిమిషపు సాధనకు, ఒకటి రెండు రోజులు పట్టులకు.

బలానికి యూరియా సంచి చాలు. శుభ్రంగా కడిగి, లోపల ఇంకో సంచి పెట్టి, ఇరవై కిలోల ఇసుక నింపి మూతి గట్టిగా కుట్టండి. దాన్ని భుజాన వేసుకుని బస్కీలు, ఛాతీకి హత్తుకుని నడక, నేల మీంచి లేపి భుజాన పెట్టుకోవడం. ఇసుక లోపల అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఇనుప బరువు కంటే ఇదే నాకు ఇష్టం. పెనుగులాడే మనిషి కూడా అలాగే జారిపోతుంటాడు కదా. చేతి పట్టుకు తాడు ఎక్కడం, చెట్టుకొమ్మ పట్టుకుని వేలాడడం, తడి తువ్వాలు పిండడం.

తొడ వెనక కండరం పట్టేయడం రైడర్లకు పెద్ద బాధ. దీనికి ఒక కసరత్తు ఉంది, తప్పక చేయించండి. మోకాళ్ల మీద నిలబడాలి. వెనక నుంచి స్నేహితుడు చీలమండలు నేలకు అదిమి పట్టుకోవాలి. నడుము వంచకుండా, మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. ఇక ఆపలేననుకున్నప్పుడు చేతులు ఆనించాలి. మొదటి వారం నాలుగేసిసార్లు చొప్పున రెండు విడతలు చాలు. మర్నాడు మెట్లు దిగలేమని అందరూ మొత్తుకుంటారు. రెండో వారానికి సర్దుకుంటుంది. చీలమండకు ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోవడం, పిక్కల మీద లేచి దిగడం రోజూ చేయండి. పళ్లు తోముకుంటూ కూడా చేయవచ్చు.

ఇక అరనిమిషం. కోర్టులో మధ్యగీత దగ్గర నిలబడండి. కూత మొదలుపెట్టి దాటండి. బాక్ లైన్ దాకా వెళ్లి, పక్కకు నాలుగడుగులు, వెనక్కి రెండడుగులు, ఎదుటి మూలకు కాలు చాచడం, మళ్లీ ఇంకో మూలకు. ఇలా 30 సెకన్లూ ఆగకుండా, కూత తెగకుండా. చివరి ఐదు సెకన్లలో మధ్యగీతకు దూకి చెయ్యి ఆనించాలి. తర్వాత 90 సెకన్ల విరామం. అందులో చివరి 30 సెకన్లు పక్కవాడి చెయ్యి పట్టుకుని డిఫెన్స్ భంగిమలో వంగి నిలబడాలి, ఎందుకంటే మ్యాచ్‌లో ఎవరూ మీకు కుర్చీ వేయరు. మూడో వారం ఆరుసార్లు, ఐదో వారానికి ఎనిమిది. ఆరో వారంలో విరామాన్ని 60 సెకన్లకు తగ్గించండి.

నల్లగొండ వాళ్లకు లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది, మహబూబ్‌నగర్ వాళ్లకు మన్యంకొండ ఉంది. వారానికొకసారి ఏదైనా ఎత్తు మీదికి పది పన్నెండు సెకన్లు పూర్తి వేగంతో ఎక్కి, నడుస్తూ దిగండి. ఆరుసార్లు. దిగేటప్పుడు పరుగెత్తితే మోకాళ్లు దెబ్బతింటాయి. భక్తులకు, బండ్లకు అడ్డం పడని వేళ చూసుకోండి.

నాలుగో వారంలో సాధన భారం మూడో వంతు తగ్గించండి. బాగా సాగుతున్నప్పుడు తగ్గించడమేమిటని కుర్రాళ్లు గొణుగుతారు. వినకండి.

కూత

కూతను ఎవరూ విడిగా సాధన చేయరు. మధ్యగీత దాటక ముందే కూత మొదలవ్వాలి. ఆలస్యమైతే ఎదుటి జట్టుకు పాయింటు వస్తుంది, మీ వంతూ పోతుంది. ఒక్క ఊపిరిలో, అంపైరుకు స్పష్టంగా వినిపించేలా సాగాలి. కొత్త రైడర్లు గట్టిగా అరుస్తారు. పది సెకన్లలో గాలి అయిపోతుంది. గొంతు తగ్గించి, పెదవులు ఎక్కువ కదల్చకుండా, ఒకే లయలో అనడం అలవాటు చేసుకోండి. మొదట కూర్చుని 30 సెకన్లు, తర్వాత నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరుగెత్తుతూ, చివరికి పట్టులో పెనుగులాడుతూ. పట్టు పడగానే ఊపిరి బిగబట్టడం సహజం. కూత తెగేది అక్కడే. స్నేహితుణ్ణి నడుము పట్టుకోమని చెప్పి కూత అంటూనే లాక్కుపోవడం సాధన చేయండి.

యాంకిల్ హోల్డ్, దగ్గరి నుంచి

డిఫెన్స్‌లో అన్ని పట్టుల గురించీ రాస్తే పుస్తకమవుతుంది. కార్నర్ ఆటగాడి అన్నం ముద్ద యాంకిల్ హోల్డ్, అంటే చీలమండ పట్టు, కాబట్టి దాన్నే చూద్దాం.

రైడర్ కాలు చాచి మిమ్మల్ని తాకబోయినప్పుడు బరువంతా వెనక కాలి మీద ఉంటుంది. ముందు కాలు తేలిక. మీకు కావలసింది ఆ ముందు కాలు. మీరు మోకాళ్లు వంచి, మడమలు కొంచెం లేపి, మునివేళ్ల మీద ఉండాలి. అతని కళ్లు చూడకండి, కళ్లు అబద్ధం చెబుతాయి. నడుము చూడండి. కాలు నేలకు ఆనే క్షణంలో రెండు చేతులూ ఒకేసారి వెళ్లాలి. ఒకటి మడమ వెనక, ఒకటి పాదం పైభాగాన. బొటనవేలు విడిగా కొక్కెంలా పెట్టకండి, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఆనించండి. విడిగా ఉన్న బొటనవేలు మెలిపడితే ఆ సీజన్‌లో ఇక పట్టు పట్టలేరు.

తల ఎక్కడుందో చూసుకోండి. అతని మోకాలికి ఎదురుగా ఉంటే ముందు పళ్లు పోతాయి. తల కాలికి బయటి పక్కన, చెంప తొడకు ఆని ఉండాలి. పట్టగానే కాలిని మీ పొట్టలోకి లాక్కుని, పైకి లేపి, మీ వెనకవైపుకు తిరగండి. ఎత్తిన కాలుతో ఎవడూ ముందుకు దూకలేడు. ఇంతలో కవర్ ఆటగాడు, అంటే వరుసలో లోపలి వైపు నుంచి ఆదుకునేవాడు, వచ్చి నడుము పట్టాలి. ఆ రావడమే అసలు సాధన. కార్నర్ ఒంటరిగా రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆపలేడు. మొదట నిలబడ్డ మనిషి మీద పదేసిసార్లు, తర్వాత నడిచే వాడి మీద, ఆరో వారం నుంచి నిజమైన కూత మీద. కవర్ రావడం ఆలస్యమైతే ఆ పట్టు కుదిరినా లెక్కలోకి తీసుకోకండి.

ఆరు, ఏడో వారాలు

ఇప్పుడు ఆట. వారానికి రెండు సాధన మ్యాచ్‌లు. మామూలుగా ఆడితే అందరూ తమకు వచ్చిందే మళ్లీ చేస్తారు. అందుకని పరిస్థితులు కల్పించండి. రెండు కూతలు వట్టిపోయి మూడోది చావో రేవో అన్నప్పుడు ఎవరు వెళ్లాలి? ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ పాయింటు ఉంటుంది. బోనస్ లైన్ దాటిన కాలు ఆనినప్పుడు వెనక కాలు గాలిలో ఉండాలి. దీనికి విడిగా పావుగంట ఇవ్వండి, ఊళ్లో చెడుగుడు ఆడి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. మీ వైపు ముగ్గురే మిగిలితే పట్టుకు రెండు పాయింట్లు. ఆ ముగ్గురు ఎవరైనా ఎలా నిలబడాలో ముందే తేల్చుకోండి. మ్యాచ్‌కు ఒక్కడే మాట్లాడాలి, ఏడుగురు అరిస్తే ఎవరికీ ఏమీ వినపడదు.

తిండి, నీళ్లు, బరువు

ప్రోటీన్ పొడి డబ్బాల మీద డబ్బు పోయకండి. ఉదయం సాధనకు ముందు ఒక అరటిపండో గ్లాసు రాగి జావో. తర్వాత రెండు మూడు ఉడికించిన గుడ్లు, గుప్పెడు నానబెట్టిన పల్లీలు, జొన్నరొట్టె, పప్పు. పల్లీలకు పాలమూరు, బత్తాయికి నల్లగొండ పెట్టింది పేరు, రెండూ మన ఇంటి ముందే ఉన్నాయి. హాస్టల్‌లో ఉండేవాళ్లు మెస్‌లో పప్పు రెండోసారి అడిగి వేయించుకోండి, సిగ్గుపడకండి.

నీళ్ల సంగతి మన జిల్లాలో వేరుగా చెప్పాలి. నల్లగొండ జిల్లాలో చాలా చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. చెమట పట్టే ఆటగాడు మామూలు మనిషి కంటే ఎంతో ఎక్కువ తాగుతాడు. మైదానం పక్కన బోరు ఉంది కదా అని దోసిలి పట్టకండి. కాచినా ఫ్లోరైడ్ పోదు. ఇంటి నుంచి మంచినీళ్లు సీసాలో తెచ్చుకోండి. గంటకు మించి ఆడితే ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్‌ నీళ్లో తాగండి.

సీనియర్ స్థాయిలో పురుషులకు 85, మహిళలకు 75 కిలోల పరిమితి ఉంది. మీ పోటీకి ఏది వర్తిస్తుందో ముందే కనుక్కోండి. రెండు కిలోలు ఎక్కువుంటే ఎనిమిది వారాల్లో నెమ్మదిగా తగ్గించవచ్చు. ముందు రోజు నీళ్లు మానేసి, స్వెటర్ వేసుకుని ఎండలో పరుగెత్తడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

దెబ్బ తగిలితే

చీలమండ మెలిపడితే ఆ రోజు నూనె రాసి మర్దన చేయకండి. మంచు ముక్కలు తువ్వాలులో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టి, గుడ్డతో కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించండి. కట్టు కట్టే వాళ్ల దగ్గరికి పోవడం మన దగ్గర అలవాటు. ముందు ఎక్స్‌రే చూపించుకున్నాక మీ ఇష్టం. వేలు జారితే లాగి సరిచేసే మొనగాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు, వాణ్ణి దూరంగా ఉంచండి. తలకు దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, వాంతి అయినా, కొద్దిసేపు స్పృహ తప్పినా ఆ రోజుకు ఆట బంద్. నేరుగా ఆసుపత్రికి.

చివరి వారం

సాధన సగానికి తగ్గించండి. వేగం అలాగే ఉంచి సార్లు తగ్గించాలి. కొత్త పట్టులేవీ నేర్చుకోకండి. రోజూ ఎనిమిది గంటలు నిద్రపోండి. ఇదే అన్నిటికంటే కష్టం, ఫోను పక్కన పెట్టడం కాబట్టి.

ముందు రోజు రాత్రి గోళ్లు మొదలంటా కత్తిరించుకోండి, కాలి గోళ్లు కూడా. ఉంగరం, గొలుసు, చేతి కడియం, మొలతాడుకు కట్టిన తాయెత్తు ఇంట్లో ఇచ్చి రండి. ఒంటికి నూనె రాసుకోకండి. కోర్టులోకి దిగే ముందు అంపైరు చేతులు చాపమని చూస్తాడు. గోరు కనిపిస్తే పక్కకు పంపుతాడు. నెయిల్ కట్టర్ ఒకటి సంచిలో వేసుకుంటే మంచిది. జట్టులో ఎవడో ఒకడు మరచిపోయి వస్తాడు.